పెట్టె మీద కూర్చున్న తాయమ్మ

ఒసేయ్ మేదినీ, ఆ పెట్టె మీంచి దిగుతావా, దిగవా? సాయంత్రం నించీ చూస్తున్నాను. అన్నం తినమంటే పెట్టె మీదే, పాలు తాగమంటే పెట్టె మీదే. పరీక్ష రాసింది నువ్వే, పాసయింది నువ్వే, హాస్టల్లో చేరతానని ఇల్లు పీకి పందిరేసిందీ నువ్వే. తీరా రేప్పొద్దున్న బస్సు అనగా, వెళ్ళనని ఇప్పుడు బైఠాయించింది. సరే, దిగొద్దు. అక్కడే కూర్చో. ఒరే రుత్విక్, నువ్విలా నా దుప్పట్లోకి రా, ఆ కాళ్ళు నా పొట్టలో పెట్టకు. ఇవాళ చెప్పేది పెట్టె మీద కూర్చున్న పిల్ల కథే. ఇద్దరూ ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే నా కథ అలుగుతుంది, దానికి నాకంటే కోపం ఎక్కువ.

అనగనగా, మన భీమిలి సముద్రం దాటి, కొండలు దాటి, ఎడారులు దాటి, కాళ్ళు నొప్పెట్టేంత దూరం దాటాక, మోకాళ్ళ దాకా మంచు పడే దేశంలో ఒక ఊరుంది. జరేచ్యె అని దాని పేరు. మళ్ళీ అనమనకండి, నా పళ్ళ సెట్టు ఊడి చేతిలోకొస్తుంది. ఆ ఊళ్ళో ఒక చెక్క ఇల్లు. ఆ ఇంట్లో మార్ఫా అని ఒక ముసలావిడ. ముందు పళ్ళు ఒక్కటీ లేవు, నోరు మాత్రం ఊరందరికీ సరిపోయేంత ఉంది. ఆవిడ కూతురు క్లావా. క్లావాకి ఇద్దరు పిల్లలు. పెద్దది ఆరేళ్ళ తాయా, చిన్నవాడు చంకలో ఉండే ల్యోన్యా. వాళ్ళ నాన్న యుద్ధానికి వెళ్ళాడు. వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు, అది మీకు ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో అడగొద్దు.

ఏవిట్రా? తాయా అంటే మన తాయమ్మ తాతమ్మేనా అనా? గోడ మీద ఫొటోలో ఉన్న పిల్లికళ్ళ తాతమ్మేనా? చూశావా, కథ మొదట్లో ఉండగానే కొస పట్టుకుని లాగుతావు. అవున్రా, ఆవిడే. మా అమ్మే. కానీ ఈ కథలో ఇంకా ఎవరికీ అమ్మ కాదు. ఆరేళ్ళ గుంట. అలాగే విను.

ఆ దేశంలో ఒక అలవాటుంది. ఎవరైనా దూరప్రయాణం బయల్దేరుతుంటే, మూటా ముల్లే గుమ్మం దగ్గర పెట్టుకుని, కోట్లూ చెప్పులూ వేసేసుకుని, తలుపు తీసే ముందు ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. ప్రయాణమయ్యేవాళ్ళూ కూర్చుంటారు, సాగనంపేవాళ్ళూ కూర్చుంటారు. కుర్చీ ఉంటే కుర్చీ మీద, లేకపోతే పెట్టె మీద. ఎవ్వరూ మాట్లాడరు. కాసేపయ్యాక అందరికంటే పెద్దవాళ్ళు ముందు లేచి, "దేవుడితో" అంటారు. అంటే దేవుడితో కలిసి వెళ్ళు అని. అప్పుడు మిగతావాళ్ళు లేస్తారు. పెద్దవాళ్ళు లేవకుండా చిన్నవాళ్ళు లేవకూడదు. లేస్తే, వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఆ ఇంటికి తిరిగి రారని వాళ్ళ నమ్మకం. మనవాళ్ళు బయటికెళ్తుంటే వెనకనించి పిలవొద్దంటారు చూడండి, అలాగన్నమాట. మార్ఫాకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. పక్కూరి సంతకి వెళ్ళాలన్నా సరే, అందర్నీ కూర్చోబెట్టి గాని కదిలేది కాదు.

అలాంటి మార్ఫా, జన్మలో ఒక్కసారి కూర్చోకుండా గడప దాటింది. ఎందుకు కూర్చోలేదు? కూతురు చెయ్యి పట్టి లాగింది. కూతురెందుకు లాగింది? బండివాడు బయట అరుస్తున్నాడు. బండివాడెందుకు అరిచాడు? గుర్రం బెదురుతోంది. గుర్రమెందుకు బెదిరింది? ఏటవతల ఫిరంగి పేలింది. ఫిరంగెందుకు పేలింది? ఒక రాజుకి పక్కరాజు పొలాలు కావలసొచ్చాయి. పక్కరాజు పొలాలెందుకు కావలసొచ్చాయి? నన్నడిగితే ఏం చెప్పను, నా పొలం నాకుంటే నేను ఇంకోడి పొలం అడగను. ఊ కొడుతున్నారా? మేదినీ, నీ ఊ వినపడలేదు.

అలా నలుగురూ ఒక చెక్కపెట్టె వేసుకుని రైలు స్టేషనుకొచ్చారు. దారంతా మార్ఫా సణుగుతూనే ఉందిట. కూర్చోలేదు, కూర్చోకుండా వచ్చేశాం, ఈ దారి మంచిది కాదు, అని. స్టేషన్లో ఇసకేస్తే రాలనంత జనం. ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేసి పారిపోతున్నారు. గూడ్సుబండి ఒకటి ఉంది, మనుషుల్ని అందులోనే ఎక్కిస్తున్నారు. బండి ఇంకో గంటకి గాని కదలదన్నారు. అంతే, మార్ఫా కళ్ళు మెరిశాయి. గంటుందిగా, ఇక్కడే కూర్చుందాం, ఇంటి దగ్గర తప్పింది ఇక్కడ సరిచేసుకుందాం అంది. ప్లాట్‌ఫారం మీద పెట్టె దింపించి, నలుగుర్నీ దాని మీద వరసగా కూర్చోబెట్టింది. చుట్టూ జనం తోసుకుంటున్నారు, ఏడుస్తున్నారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. మధ్యలో వీళ్ళు నలుగురూ పెట్టె మీద, నోరు మూసుకుని.

సరిగ్గా అప్పుడు పిల్లాడు గుక్కపట్టాడు. పాలు కలపాలంటే వేడినీళ్ళు కావాలి. ఆ దేశంలో ప్రతి స్టేషన్లోనూ వేడినీళ్ళ కుళాయి ఉంటుంది, చలిదేశం కదా. క్లావా కెటిల్ తీసుకుని లేచింది. పెద్దదాన్ని నేను లేవకుండా నువ్వెలా లేస్తావే అని మార్ఫా కేకలేసింది. ఇప్పుడే వస్తానమ్మా, నువ్వు మళ్ళీ మొదట్నించి కూర్చోబెడుదువుగాని అని క్లావా నవ్వుతూ వెళ్ళింది. ఎర్ర పూల రుమాలు తలకి కట్టుకుందిట. జనంలో ఆ రుమాలు కాసేపు కనపడింది, తరవాత కనపడలేదు.

విమానాలొచ్చాయి.

ఆ తరవాత జరిగింది మా అమ్మ ఎప్పుడూ ఒక వరసలో చెప్పలేదు. చప్పుడు, పొగ, గాజుపెంకులు. కుళాయి వైపు పెద్ద మంట. బండిని అక్కడే ఉంచితే అందరూ పోతారని డ్రైవరు ముందే కదిలించేశాడు. జనం విరుచుకుపడ్డారు. చంకలో పిల్లాడితో ఉన్న మార్ఫాని ఎవరో రెక్క పుచ్చుకుని పైకి లాగేశారు. ముసలిదానికి పాపం సాయం చేశామనుకున్నారు. మార్ఫా వెనక్కి తిరిగి చూసేసరికి తాయా పెట్టె మీంచి కిందకి దూకబోతోంది. బండి కదులుతోంది. ఆ గుంట పరిగెత్తిందంటే చక్రాల కింద పడుతుంది. అప్పుడు మార్ఫా తన గొంతులో ఎంత బలముందో అంతా పెట్టి అరిచింది. కూర్చో, లేవకు, నేను లేచేదాకా లేవకు అని.

తాయా కూర్చుంది. బండి వెళ్ళిపోయింది.

ఏవే, ఏడుస్తున్నావా? లేదూ? సరే, కళ్ళలో నలక పడుంటుందిలే.

పొగ తగ్గింది. ప్లాట్‌ఫారం మీద విరిగిన బుట్టలూ, ఒంటి చెప్పులూ, నడిమధ్యన పెట్టె, పెట్టె మీద పిల్ల. ముందు రైల్వే జవానొచ్చాడు. ఎర్రటోపీ. లే పాపా, ఇంకో బండి వస్తోంది, ఎక్కిస్తాను అన్నాడు. మా అమ్మమ్మ లేవలేదు, నేను లేవను అంది. మీ అమ్మమ్మ ఏదీ అన్నాడు. బండిలో వెళ్ళింది అంది. అతను తల గోక్కుని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఒక సిపాయొచ్చాడు. చెయ్యి మెడకి కట్టేసుంది. జేబులోంచి పంచదార బిళ్ళ తీసి, లేస్తే ఇస్తానన్నాడు. మా అమ్మమ్మ లేవలేదు, నేను లేవను. సరే, లేవకపోయినా తీసుకోమని బిళ్ళ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. మంచివాడు.

ఆ తరవాత కళ్ళజోడావిడొచ్చింది. తప్పిపోయిన పిల్లలందర్నీ పోగుచేసి తూర్పుకి తీసుకెళ్తోందిట, చేతిలో పేర్ల పట్టీ. నీ పేరేమిటంది. తాయా. ఇంటిపేరేమిటంది. చెప్పింది. లే అంది. మా అమ్మమ్మ లేవలేదు, నేను లేవను. ఆవిడ చెయ్యి పట్టి లాగబోతే తాయా పెట్టె పిడి కరుచుకుని కేకలు పెట్టింది. వేళ్ళు విడదియ్యలేకపోయారుట. చుట్టూ ఇరవైమంది పిల్లలు ఏడుస్తున్నారు, బండి కూత పెట్టింది, ఆవిడేం చేస్తుంది, వెళ్ళిపోయింది.

ఏవిట్రా రుత్విక్? ఒంటేలుకొస్తే ఏం చేసిందనా? నువ్విది అడుగుతావని నాకు తెలుసు. నేనూ మా అమ్మని ఇదే అడిగాను. పెట్టె పక్కనే కానిచ్చేదిట, ఒక చెయ్యి పెట్టె మీదే ఉంచి. చెయ్యి ఉంటే కూర్చున్నట్టే లెక్క అని తనకి తనే చెప్పుకుందిట. నవ్వకండి. ఆ చలిలో, ఒక్కతీ, ఒక పగలూ ఒక రాత్రీ అలాగే ఉంది.

ఆ ఒక పగలూ ఒక రాత్రీ పొడుగునా ఒక మనిషి మాత్రం వచ్చి వచ్చి వెళ్తూనే ఉంది. ఆవిడ అగాఫ్యా. వేడినీళ్ళ కుళాయి చూసుకునే మనిషి. బాంబు పడినప్పుడు బొగ్గు తేవడానికి వెనక కొట్లోకి వెళ్ళింది, అందుకే బతికింది. మొదటిసారి వచ్చి లోటాతో వేడినీళ్ళిచ్చింది. రెండోసారి తన శాలువా కప్పింది. మూడోసారి ఎత్తుకుపోదామని చూసింది, తాయా చెయ్యి కొరికేసింది. పళ్ళు దిగాయి. మొండిఘటమే నువ్వు, ఇక్కడే చావు అని తిట్టుకుంటూ వెళ్ళి, పావుగంటకి మళ్ళీ వచ్చింది.

రెండోనాడు పొద్దు వాలేసరికి ఫిరంగులు దగ్గరికొచ్చేశాయి. కాళ్ళ కింద సిమెంటు అదురుతోంది. స్టేషనువాళ్ళు కాయితాలన్నీ కుప్పపోసి తగలబెట్టారు. ఎదురుగా ఒక్క ఇంజనూ నాలుగు డబ్బాలూ. అదే ఆఖరుది. అది వెళ్ళాక వంతెన పేల్చేస్తారు. ఇంక ఆ పక్కనించి బండి రాదు, ఈ పక్కనించి బండి పోదు. పేల్చే మనుషులు వంతెన మీద తయారుగా ఉన్నారు. గార్డు గడియారం చూసి, ఐదు నిమిషాలు, ఎక్కేవాళ్ళంతా ఎక్కండి అని అరిచాడు.

అగాఫ్యా తన మూట డబ్బాలోకి విసిరేసింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. పెట్టి, వెనక్కి చూసింది. చీకటి పడబోతోంది, పెట్టె మీద ఆ గుంట. కాలు దింపేసింది. పరిగెత్తుకుంటూ వచ్చి మోకాళ్ళ మీద కూలబడి, ఒసేయ్, నిజం చెప్పు, మీ అమ్మమ్మ ఏమంది, ఏ మాటన్నదో ఆ మాటే చెప్పు అంది. తాయా చెప్పింది. మేం కూర్చున్నాం. ఇంటి దగ్గర కూర్చోలేదని ఇక్కడ కూర్చున్నాం. అమ్మ మధ్యలో లేచింది. నేను లేచేదాకా లేవకు అని అమ్మమ్మ అంది. అమ్మమ్మ ఇంకా లేవలేదు. నేను ముందు లేస్తే ఎవరూ ఇంటికి తిరిగిరారు.

అగాఫ్యా నెత్తి కొట్టుకుంది. ఆవిడదీ ఆ దేశమే కదా, ఆవిడ ఇంట్లోనూ అదే అలవాటు కదా. ఒకటిన్నర రోజులుగా ఈ పిల్లని లాగుతోంది, తిడుతోంది, బతిమాలుతోంది. అందరూ లేపాలనే చూశారు గాని, ఒక్కరూ దాని పక్కన కూర్చోలేదు.

జరుగు అంది. తాయా జరగలేదు. నువ్వు మా అమ్మమ్మకంటే పెద్దదానివా అని అడిగింది. గార్డు మూడు నిమిషాలని అరుస్తున్నాడు. అగాఫ్యా తలగుడ్డ ఊడదీసి తెల్లజుట్టు చూపించింది. అది చాల్లేదు. మా అమ్మమ్మకి ముందు పళ్ళు లేవు అంది తాయా. అగాఫ్యా నోరు తెరిచి చూపించింది. ముందు పళ్ళూ లేవు, వెనక పళ్ళూ లేవు. తాయా వంగి, లోపలిదాకా బాగా చూసి, అప్పుడు జరిగింది.

అగాఫ్యా కూర్చుంది.

ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? టక్కున కూర్చుని టక్కున లేస్తారు. అలా లేస్తే అది దొంగ కూర్చోడం. ఆ గుంటకి తెలిసిపోతుంది, మళ్ళీ లేవదు. అగాఫ్యా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు దించుకుని, ఏ తొందరా లేనట్టు కూర్చుంది. ఇంజను కూత పెట్టింది. కూర్చునే ఉంది. గార్డు నానా తిట్లూ తిట్టాడు. కూర్చునే ఉంది. స్టేషను వెనక ఎక్కడో గోడ కూలింది. కూర్చునే ఉంది. డబ్బాలు ఒకదానికొకటి తగిలి ఖణేలుమన్నాయి, చక్రం కదిలింది. అప్పుడు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, బరువుగా ఊపిరి పీల్చి, పెద్దవాళ్ళు ఎలా లేస్తారో అలా లేచింది. "దేవుడితో" అంది.

తాయా లేచింది.

కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేక పడిపోయింది. అగాఫ్యా ఎత్తి భుజాన వేసుకుని పరిగెత్తింది. పరిగెత్తబోతూ జేబులోంచి సుద్దముక్క తీసి పెట్టె మూత మీద నాలుగు మాటలు గీకిందిట. తాయా లేచింది, నేనే లేపాను, అగాఫ్యా, వేడినీళ్ళ కుళాయి, అని. గార్డే వంగి ఇద్దర్నీ లోపలికి లాగాడు. వంతెన దాటాక వెనకాల పెద్ద చప్పుడయింది. ఇంక ఆ ఊరు అటు, వీళ్ళు ఇటు.

హమ్మయ్య. కొంచెం మంచినీళ్ళియ్యరా. నా గొంతు ఎండిపోయింది.

డబ్బాలో అగాఫ్యా తన మూట విప్పి రొట్టె తీసింది. రొట్టె కింద ఒక కెటిల్ ఉంది. ఒక పక్క సొట్టపోయి, పిడికి ఎర్రపూల గుడ్డముక్క కట్టుంది. తాయా ఆ కెటిల్ చూసింది. అది వాళ్ళింటి కెటిలే. ఆ గుడ్డముక్క ఎక్కడిదో కూడా తనకి తెలుసు. అగాఫ్యా మొహం చూసింది. ఆరేళ్ళ పిల్ల రొట్టె నమిలి, ఆ కెటిల్ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. మన వంటింట్లో పై అరలో సొట్టబోయిన కెటిలుంది చూశారూ, ఎందుకమ్మమ్మా పారెయ్యవు అంటారు చూశారూ, అదే.

అగాఫ్యా ఆ పిల్లని తాష్కెంట్ అని ఎండలు కాసే ఊరు తీసుకెళ్ళింది. అక్కడా స్టేషన్లో వేడినీళ్ళ పనే దొరికింది. నాలుగేళ్ళు సాకింది. పిల్లకి పెట్టి, మిగిలితే తను తినేది. తాయా మాత్రం రోజూ ఒక్కటే అడిగేది, అమ్మమ్మ నన్ను తిడుతుందా, నేను లేచిపోయానుగా అని. నేను లేచాకే నువ్వు లేచావు, తిడితే నన్ను తిట్టాలి అనేది అగాఫ్యా. జరేచ్యెకి ఉత్తరాలు రాసింది. ఉత్తరం చేరాలంటే అక్కడ ఊరుండాలిగా. ఒక్కదానికీ జవాబు రాలేదు.

యుద్ధం అయిపోయింది. తాయాకి పదేళ్ళొచ్చాయి. ఇద్దరూ బండెక్కి, ఇది ఎక్కి, అది దిగి, వారం రోజులకి జరేచ్యె చేరారు. స్టేషను లేదు. కాలిన గోడల మధ్య రేకుల షెడ్డు వేశారు. దిగుతుంటే తాయాకి ఒకటే ఆలోచన. ఎవరుంటారు? ఎవరైనా ఉంటారా? ఉంటే ఏమంటారు?

ప్లాట్‌ఫారం చివర వేడినీళ్ళ కుళాయి మళ్ళీ కట్టారు. దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని ఒక ముసలావిడ కూర్చునుంది. ఐదేళ్ళ పిల్లాడు ఆవిడ కొంగు పట్టుకు వేలాడుతున్నాడు. రెండేళ్ళ కిందట ఊరు మళ్ళీ తమవాళ్ళ చేతికొచ్చిన వారానికే మార్ఫా నడుచుకుంటూ వచ్చేసిందిట. అప్పటికి ఆ పెట్టే లేదు, దాని మీద రాతా లేదు. ఉన్నా ఆవిడకి చదువు రాదు. కుళాయి దగ్గర ఆ పనే అడిగి పుచ్చుకుంది. తూర్పునించి బండొస్తే చాలు, పీట వేసుకుని కూర్చునేది. పిల్లని కూర్చోబెట్టింది నేను, లేపాల్సింది నేను, అనేది ఎవరడిగినా.

తాయాని చూసింది. రెండేళ్ళుగా చూస్తున్న మనిషి, లేచి పరిగెత్తుకు రావాలా? రాలేదు. పీట మీంచి కదలకుండా, గొంతు చించుకుని, ఎవరు లేవమన్నారే నిన్ను, అని అరిచింది!

తాయా అక్కడికక్కడ బిగుసుకుపోయింది. నాలుగేళ్ళు భయపడిన మాట అదేగా. అప్పుడు అగాఫ్యా ముందుకొచ్చి, నేను లేపాను, పక్కన కూర్చుని, తీరుబడిగా కూర్చుని, నేను ముందు లేచి లేపాను అంది.

మార్ఫా ఆవిణ్ణి కిందనించి పైదాకా చూసింది. ఆవిడ చేతిలో కెటిల్ చూసింది. కెటిల్ పిడికున్న గుడ్డ చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు పీట మీంచి లేచింది. వచ్చి, నడుం వంగిన ముసలిది, ఇంకా వంగి, నేలకి చెయ్యి ఆనించి అగాఫ్యాకి దణ్ణం పెట్టింది. ఆ తరవాత తాయాని పట్టుకుని ఏడిచింది చూడండీ, స్టేషనంతా పోగయింది. ఆ రోజునించి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ ఆ పిల్లాడూ ఒకే ఇంట్లో ఉన్నారు. ముసలాళ్ళిద్దరూ రోజూ పోట్లాడుకునేవారుట, వయసులో ఎవరు పెద్దని.

ఊ కొడుతున్నారా? రుత్విక్, నిద్రపోకు, ఇప్పుడే మా నాన్నొస్తున్నాడు.

తాయా పెద్దదయింది. ఓడల బొమ్మలు గీసే పనిలో చేరింది. అక్కడికి ఓడల చదువు చదువుకోడానికి భీమిలినించి ఒకతనొచ్చాడు. పేరు సన్యాసిరావు. రెండు స్వెట్టర్లూ ఒక కోటూ వేసుకుని కూడా వణికేవాడు. ఎలా పరిచయమయ్యారో మా అమ్మ చెప్పేది కాదు, నవ్వేది. పెళ్ళి చేసుకున్నారు. అతని చదువైపోయింది. ఇంక భీమిలి రావాలి. సముద్రాలవతలికి. ఇద్దరూ చివరిసారి జరేచ్యె వెళ్ళారు. అగాఫ్యా అప్పటికే పోయింది. మార్ఫాకి ఎనభై దాటాయి.

బయల్దేరే రోజు మూటలు గుమ్మం దగ్గర పెట్టారు. అందరూ కూర్చున్నారు. తాయా, సన్యాసిరావు, ల్యోన్యా, మార్ఫా. కాసేపయింది. మార్ఫా లేవలేదు. ఇంకాసేపయింది. లేవలేదు. ల్యోన్యా కిటికీలోంచి బయట ఆగిన లారీ వైపు చూశాడు. సన్యాసిరావు గడియారం చూసుకున్నాడు. ఈ బండి తప్పితే ఓడ తప్పుతుంది, ఓడ తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలీదు. మార్ఫా కళ్ళు నేలకి దించుకుని కూర్చునే ఉంది. అప్పుడు తాయాకి అర్థమైంది. అమ్మమ్మ లేవదు. లేవకపోతే తను లేవలేదు. తను లేవకపోతే వెళ్ళలేదు. ముసలిది ఒక్క మాటనకుండా, ఏడవకుండా, వద్దనకుండా, ఉత్తినే కూర్చుని తనని కట్టేసింది.

లేవమని అడగడానికి తాయాకి నోరు రాలేదు. నీ అంతట నువ్వు లేవమని ఆవిణ్ణి ఎలా అడుగుతుంది? ఒకసారి విడిచిపెట్టిన పిల్లని రెండోసారి విడిచిపెట్టమని ఎలా అడుగుతుంది? అలా ఎంతసేపు కూర్చున్నారో ఏమో. చివరికి మార్ఫా తల ఎత్తి సన్యాసిరావుని అడిగింది. మీ ఊళ్ళో ప్రయాణానికి ముందు కూర్చుంటారా?

మా నాన్నకి అబద్ధం చెప్పడం రాదు. కూర్చోరండీ అనేశాడు. మార్ఫా మొహం నల్లబడింది. మా నాన్న కంగారుపడి, అంటే, ఎవరైనా తుమ్మితే మాత్రం కూర్చుంటాం, బయల్దేరేటప్పుడు తుమ్ము వినపడితే, ఆగి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి అప్పుడు వెళ్తాం అన్నాడు.

మార్ఫా అతన్ని తేరిపారచూసింది. తుమ్మితేనా అంది. తుమ్మితే అన్నాడు. బోసినోరు తెరిచి నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వు ఆపుకోలేక కళ్ళమ్మట నీళ్ళు. నవ్వో ఏడుపో ఎవరికీ తెలీలేదు. ల్యోన్యాని మంచినీళ్ళు తెమ్మంది. వాడు ఆ సొట్టకెటిల్‌తో తెచ్చాడు. అందరి చేతా తాగించి, కెటిల్ తాయా చేతిలో పెట్టింది. అక్కడా కూర్చునే మనుషులేలే, పోనీ, అంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, బరువుగా ఊపిరి పీల్చి, లేచింది. "దేవుడితో" అంది.

మళ్ళీ చూశారా అనా? లేదే తల్లీ. మళ్ళీ చూసుకోలేదు.

భీమిల్లో మా నాయనమ్మ పైడితల్లమ్మ, తెల్లకోడలొచ్చిందని నెల్లాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. చేపల పులుసులో బీట్‌రూట్ వేసిందని ఊరంతా చెప్పుకుంది. నాన్నకి విశాఖపట్నంలో ఉద్యోగమొచ్చింది. సామాను బండికెక్కించారు. అందరూ గుమ్మంలో నిలబడ్డారు. తీరా కదలబోయే వేళకి కోడలు వెళ్ళి గడప పక్కన పెట్టె మీద కూర్చుంది. మాటా పలుకూ లేదు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. మా నాయనమ్మ అటూ ఇటూ చూసి, "ఎవరర్రా తుమ్మినారు? ఏటలా సూస్తారు, పిల్లకి మంచినీళ్ళట్రండి!" అని కసిరింది. తనూ వచ్చి పెట్టె మీద పక్కన కూర్చుంది. తాయా ఆవిడ భుజమ్మీద తలపెట్టి, వచ్చాక మొదటిసారి, భోరుమని ఏడిచింది. ఆ రోజునించి ఆవిడ తాయా కాదు, తాయమ్మ. మా నాయనమ్మే పెట్టింది ఆ పేరు.

తాయమ్మ ముగ్గురు పిల్లల్ని కంది, పెంచింది, పెళ్ళిళ్ళు చేసింది. బళ్ళో నా పేరు సుభద్రైనా, ఇంట్లో నన్ను వాళ్ళమ్మమ్మ పేరుతో ముద్దుగా మార్ఫూషా అనే పిలిచేది. నా పెళ్ళయి అప్పగింతలప్పుడు మా మావగారి కారు హారన్ మీద హారన్ కొడుతుంటే, మా అమ్మ పెళ్ళిపందిట్లో ఇనపకుర్చీలో కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను. ఎంతకీ లేవదు. నాకు అప్పుడు కోపమొచ్చింది, అందరూ చూస్తున్నారే అని. ఎందుకు లేవలేదో మీ అమ్మ పెళ్ళి రోజున తెలిసింది నాకు. ఆ వేళ మా అమ్మ మంచంలో ఉంది, లేచి కూర్చునే ఓపిక లేదు. నువ్వే పెద్దదానివి, నువ్వు లేవాలి అంది.

కూర్చోబెట్టడం ఎవరైనా చేస్తారర్రా. పిల్లల్ని లేపి పంపడానికి మాత్రం పెద్దవాళ్ళు ముందు లేవాలి. అంతే ఈ కథలో ఉన్న నీతి. ఇంకేం లేదు.

ఏమే మేదినీ, ఏమీ అనవేం? జరుగు. ఇంకాస్త జరుగు, నా నడుం చిన్నదనుకున్నావా? ఊఁ. ఇప్పుడు బాగుంది. ఒరే, నువ్వూ రా, ఈ పక్కన. నోరు ముయ్యండి కాసేపు.

...

రేప్పొద్దున్న మీ నాన్న బస్సుకి టైమైపోతోందని గంతులేస్తాడు. మీ అమ్మ ఏడుస్తుంది. మనందరం ఇలాగే కూర్చుంటాం, ఆ కెటిల్‌తో మంచినీళ్ళు తాగుతాం. ఈ ఇంట్లో ఇప్పుడు పెద్దదాన్ని నేనే కదా. రేపు నేను లేవడం కొంచెం ఆలస్యమైతే, మోకాళ్ళ నొప్పులే అనుకో. తొందరపెట్టకు. తప్పకుండా లేస్తాను. నిన్ను పంపకుండా కూర్చునే మనిషిని కాను నేను.

ఇప్పటికి మాత్రం ఇదిగో, లేస్తున్నాను. చెయ్యి అందివ్వవే. హమ్మా. దేవుడితో. ఆఁ, లేచావా? లేచావు. చూశావా, ఏం కాలేదు. కథ కూడా కంచిదాకా వెళ్ళాలి కదా, దూరప్రయాణం, దాన్ని కాసేపు ఆ పెట్టె మీద కూర్చోనిద్దాం. మనం పక్కలెక్కుదాం పదండి.